పైఫ్లోర్ కారుకు రోడ్ ట్యాక్స్ సున్నా, నా బైకుకు 13 వేలు: ఇదెక్కడి లెక్క?

మియాపూర్_కిరణ్ | శనివారం రాత్రి 9:40

కడుపుమంట అనుకున్నా ఫర్వాలేదు, అడిగేస్తున్నా.

2024 డిసెంబర్‌లో 125 సీసీ బైక్ కొన్నా. ఎక్స్‌షోరూం లక్షా పది వేలు. లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్, 12 శాతం చొప్పున 13,200 కట్టా. సంక్రాంతి దాటగానే మా పైఫ్లోర్ ఆయన ఎలక్ట్రిక్ కారు దించారు. అరవై లక్షలట. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అపార్ట్‌మెంట్ అంతా స్వీట్లు పంచారు. నేనూ తిన్నా. తర్వాత లిఫ్ట్‌లో మాటల్లో తెలిసింది, రోడ్ ట్యాక్స్ ఒక్క రూపాయి పడలేదని. అదే డీజిల్ కారయితే అప్పటి రేటు ప్రకారం 18 శాతం, అంటే పది లక్షల ఎనభై వేలు.

నా బైకు బరువు ఎంత, ఆయన కారు బరువు ఎంత? ఏ బండి వల్ల రోడ్డు ఎక్కువ అరుగుతుంది? నేను రోజూ పోయించుకునే పెట్రోల్‌లో లీటరుకి సగానికి దగ్గరగా పన్నులే. పొల్యూషన్ తగ్గాలి, కాదనను. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మాస్క్ లేకుండా వెళ్లేవాణ్ణి, నాకు తెలీదా. కానీ రాయితీ అనేది లేనివాడికి ఇస్తారా, ఉన్నవాడికి ఇస్తారా? మీరంతా ఏమంటారు?


గుంతల_రోడ్డు | శనివారం రాత్రి 9:52

అన్నా, ఆ స్వీట్లు పది లక్షల ఎనభై వేల లోంచే వచ్చాయి. అందులో నీ వాటా తినేశావ్. ఇంక అడగొద్దు.


లెక్కల_మాస్టారు | శనివారం రాత్రి 10:31

కిరణ్ గారూ, రాయితీలన్నీ ఒక గంపలో వేసి తిడుతున్నారు. ముందు విడదీద్దాం.

ఒకటి, కేంద్రం కొనుగోలుదారుకి ఇచ్చే సబ్సిడీ. 2019 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్-2 అయినా, 2024 అక్టోబర్ నుంచి నడుస్తున్న పీఎం ఈ-డ్రైవ్ అయినా, సొంతానికి కొనుక్కున్న కారుకు నేరుగా ఒక్క పైసా ఇవ్వలేదు. ఫేమ్-2లో కార్లకు ఇచ్చింది ట్యాక్సీ లాంటి కమర్షియల్ బళ్లకే. మీ పైఫ్లోర్ ఆయనకి ఈ ఖాతాలో ఏమీ రాలేదు.

రెండు, జీఎస్టీ. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ బండి దేనికైనా 5 శాతమే. లక్ష స్కూటరుకీ అంతే, కోటి రూపాయల కారుకీ అంతే. ఆయన కొన్నప్పుడు పెద్ద డీజిల్ కారుకి 28 శాతం, దాని మీద సెస్సు. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్లాబులు మారి పెద్ద కార్లకు 40, 350 సీసీ లోపు బైకులకు 18 అయ్యాయి. ఎలక్ట్రిక్ మాత్రం 5 దగ్గరే ఉంది.

మూడు, రాష్ట్రం మాఫీ చేసిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు. 2020 పాలసీలో తెలంగాణ దీనికి కోటా పెట్టింది. మొదటి 2 లక్షల టూవీలర్లు, మొదటి 5,000 సొంత కార్లు, ఇలా. 2024 నవంబర్‌లో జీవో 41 వచ్చి ఆ కోటా ఎత్తేసింది. 2026 డిసెంబర్ 31 దాకా ఎన్ని కొన్నా సున్నాయే. ధర మీద పరిమితి లేదు.

మీకు మండుతున్నది ఈ మూడోది. పన్ను శాతంలో ఉంటుంది కాబట్టి మాఫీ కూడా శాతంలోనే ఉంటుంది. ధర ఎంత పెద్దదైతే మాఫీ అంత పెద్దది. ఏదో పొరపాటున జరిగింది కాదిది, ఆ లెక్క స్వభావమే అంత.


సైలెంట్_డ్రైవ్ | శనివారం రాత్రి 11:05

కిరణ్ గారి పైఫ్లోర్ నాది కాదు, ముందే చెబుతున్నా. కానీ నాకూ అలాంటి కారే ఉంది, గచ్చిబౌలిలో ఉంటా. ఎవరో ఒకరు ఈ పక్క నుంచి మాట్లాడాలి కదా.

నేను ఎవరి జేబులోంచీ తీసుకోలేదు. ప్రభుత్వం నాకు చెక్కు ఇవ్వలేదు, వసూలు చేయలేదంతే. ఆ మాఫీ లేకపోతే నేను ఎలక్ట్రిక్ కొనేవాణ్ణి కాదు, డీజిల్ ఎస్‌యూవీ కొనేవాణ్ణి. పదేళ్లు ఆ పొగ మీరే పీల్చేవారు. ఇంకోటి. కొత్త టెక్నాలజీ ఏదైనా ముందు డబ్బున్నవాళ్లే కొంటారు. సెల్‌ఫోన్ వచ్చిన కొత్తల్లో ఇన్‌కమింగ్‌కి కూడా నిమిషానికి ఇంతని కట్టింది ఎవరు? వాళ్లు కొన్నారు కాబట్టే ఇవాళ అందరి చేతిలో ఫోనుంది.

నా ఆదాయపు పన్ను సంగతి తీయను. తీస్తే గొడవవుతుంది.


మియాపూర్_కిరణ్ | శనివారం రాత్రి 11:14

సార్, సెల్‌ఫోన్ కొత్తల్లో డబ్బున్నవాళ్లు ఎక్కువ కట్టి కొన్నారు. వాళ్లకెవరూ ట్యాక్స్ మాఫీ చేయలేదు. మీ పోలిక మీ మీదకే తిరిగింది 🙂


గుంతల_రోడ్డు | శనివారం రాత్రి 11:16

మాస్టారూ, ఈ పరీక్షలో కిరణ్‌కి ఎన్ని మార్కులు?


పాల్వంచ_పిల్ల | ఆదివారం ఉదయం 6:58

రాత్రంతా చదివాను. "ఆ పొగ మీరే పీల్చేవారు" అన్న చోట ఆగిపోయాను.

మా ఊళ్లో కేటీపీఎస్, బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు, ఉంది. మిద్దె మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి తెల్ల చొక్కా రంగు మారుతుంది. తీసేముందు రెండుసార్లు దులపడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, అందరిళ్లల్లో అలాగే చేస్తారనుకునేదాన్ని. హాస్టల్‌కి హైదరాబాద్ వచ్చాక బట్టలు దులుపుతుంటే రూమ్మేట్ అడిగింది, ఏంటి నీకీ పిచ్చి అని.

మీ కారు సైలెంట్‌గానే ఉంటుంది సార్. దాని సైలెన్సర్ మాత్రం పాల్వంచలో, రామగుండంలో ఉంది. రాత్రి మీరు ప్లగ్ పెడితే వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఎలక్ట్రిక్ వద్దు అనడం లేదు. రోడ్ ట్యాక్స్ మాఫీ హైదరాబాద్ కార్లకు, బూడిద మాకు. న్యాయం గురించి మాట్లాడితే ఈ పంపకం కూడా కలపండి.


సైలెంట్_డ్రైవ్ | ఆదివారం ఉదయం 8:20

అమ్మా, దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. మా ఇంటి మీద సోలార్ ఉంది అందామంటే, కారు ఇంట్లో ఉండేది రాత్రే, ఎండ ఉండేది పగలు.

ఒక్కటి మాత్రం నిజం. బొగ్గు కరెంటుతో నడిచినా ఎలక్ట్రిక్ బండి మొత్తమ్మీద తక్కువే కాలుస్తుంది, పెట్రోల్ ఇంజన్‌లో చాలా భాగం వేడిగా పోతుంది కాబట్టి. కానీ మీరడిగింది మొత్తం ఎంతని కాదు, ఎవరి మీద పడుతుందని. అర్థమైంది.


నల్గొండ_నాగరాజు | ఆదివారం ఉదయం 9:03

మా ఇంట్లోనే మూడు న్యాయాలు నడిచాయి, చెబుతా వినండి.

నేను 2022లో స్కూటర్ కొన్నా, 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. అప్పుడు ఫేమ్-2 కింద కిలోవాట్ అవర్‌కి 15 వేలు, బండి ధరలో 40 శాతం దాకా. 45 వేలు తగ్గింది నాకు. మా తమ్ముడు తటపటాయించి 2023 ఆగస్టులో కొన్నాడు. అప్పటికి, జూన్ 1 నుంచి, కిలోవాట్ అవర్‌కి 10 వేలకు, ధరలో 15 శాతానికి కోసేశారు. వాడికి ఆ 15 శాతం పరిమితి తగిలి 18 వేలే వచ్చింది. 2025 దసరాకి మా చెల్లెలు అంగన్‌వాడీకి వెళ్లడానికి అదే సైజు బండి కొంది. అప్పటికి కిలోవాట్ అవర్‌కి 2,500, మొత్తం మీద 5 వేలు దాటకూడదు. ఆ 5 వేలకి షోరూంలో ఆధార్, సెల్ఫీ, ఈ-వోచర్ మీద సంతకం, సర్వర్ డౌన్, మళ్లీ సెల్ఫీ. "కళ్లజోడు తీయండి మేడమ్, కొంచెం వెలుతురులోకి రండి మేడమ్" అని గంటన్నర నిలబెట్టారు.

ముగ్గురిలో జీతం ఎక్కువ ఉన్నది నాకు. తక్కువ ఉన్నది చెల్లెలికి. సబ్సిడీ సరిగ్గా తలకిందులుగా వచ్చింది. 2025లో చెప్పిన గడువు ప్రకారం 2026 మార్చి 31 తర్వాత టూవీలర్లకు ఆ 5 వేలు కూడా ఉండవు. బస్సులు, లారీలకు పథకాన్ని 2028 మార్చి దాకా పొడిగించారు. స్కూటర్‌కి అప్పుడు పొడిగించలేదు.

ధరలు తగ్గాయి కాబట్టి సబ్సిడీ తగ్గించారు అంటారు. అది సరే. ముందుగా ధైర్యం చేసినవాడికి ఎక్కువ అంటారు. అదీ సరే. కానీ ధైర్యం అనేది బ్యాంకు బ్యాలెన్స్ ఉన్నవాడికే ఉంటుంది కదా అన్నా.


ఎల్బీనగర్_ఆటోవాలా | ఆదివారం మధ్యాహ్నం 2:15

టైపింగ్ మా బాబుతో చేయిస్తున్నా, తప్పులుంటే వాడివి.

నాది ఎల్పీజీ ఆటో. గ్యాస్‌కి రోజుకి నాలుగు వందల యాభై దాకా అవుతుంది. ఎలక్ట్రిక్ అయితే ఛార్జింగ్ వంద లోపే అని మా స్టాండ్‌లో తీసుకున్నవాళ్లు చెప్తున్నారు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల కొత్తగా 20 వేల ఎలక్ట్రిక్ ఆటోలకు పర్మిట్లు ఇస్తాం అన్నారని నేనూ షోరూంకి వెళ్లా.

బండి 3 లక్షల 80 వేలు అన్నారు, సబ్సిడీ పోనూ. 60 వేలు చేతిలో పెట్టమన్నారు. మిగతాది ఫైనాన్స్. బ్యాంకు మాకు ఇవ్వదు, ఐటీ రిటర్న్ ఏదీ అంటుంది. ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు నెలకు 9,500, నలభై ఎనిమిది నెలలు అన్నారు. ఎందుకంత అంటే "బ్యాటరీ బండి అన్నా, రేపు నువ్వు కట్టకపోతే మేం గుంజుకొచ్చినా కొనేవాడు ఉండడు" అన్నాడు. నా ముందే అన్నాడు, నవ్వుకుంటూ.

బ్యాటరీకి అయిదేళ్ల తర్వాత ఏమైతదో ఎవరూ కాగితం మీద రాసివ్వరు. మేముండేది అద్దె ఇల్లు, మీటర్ ఓనర్‌ది. బయట ఛార్జింగ్ పెట్టి మూడు గంటలు కూర్చుంటే సాయంత్రం గిరాకీ పోయినట్టే. నాకు రోడ్ ట్యాక్స్ మాఫీ ఉందని బోర్డు మీద పెద్దగా రాశారు. నా కష్టం రోడ్ ట్యాక్స్ దగ్గర లేదు సార్.


లెక్కల_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 3:02

అన్నా, మీ లెక్క వేశాను. 3 లక్షల 20 వేల అప్పుకి మీరు కట్టేది 4 లక్షల 56 వేలు. నెలనెలా తరిగే అసలు మీద చూస్తే నూటికి రూపాయిన్నర దాటింది. సైలెంట్_డ్రైవ్ గారూ, మీ కారు లోన్ ఎంతకి ఇచ్చారు?


సైలెంట్_డ్రైవ్ | ఆదివారం మధ్యాహ్నం 3:10

8.9 శాతం. ఫోన్‌లోనే అప్రూవ్ అయింది.


లెక్కల_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 3:24

అంటే కారుకి ముప్పావలా వడ్డీ, ఆటోకి రూపాయిన్నర.

ఇంకో పాత సంగతి గుర్తొచ్చింది. 80ఈఈబీ అని ఆదాయపు పన్నులో ఒక సెక్షన్ ఉండేది. 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి మధ్య మంజూరైన ఎలక్ట్రిక్ బండి లోన్ మీద, కట్టిన వడ్డీలో ఏడాదికి లక్షన్నర దాకా మినహాయింపు. పాత పన్ను విధానంలో 30 శాతం స్లాబులో ఉన్నవాడికి సెస్సుతో కలిపి 46,800 మిగిలేది, ఏటా. పన్ను పరిధిలోనే లేని ఆటో డ్రైవరుకి మిగిలేది సున్నా. వడ్డీ భారం ఎక్కువ ఉన్నవాడికి సాయం లేదు, తక్కువ ఉన్నవాడికి ఉంది. చట్టం రాసినవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. వాళ్ల కళ్ల ముందు ఉన్న కొనుగోలుదారు ఎవరో మాత్రం తెలిసిపోతుంది.


బ్యాగ్_భుజాన | ఆదివారం సాయంత్రం 4:47

ఫుడ్ డెలివరీ చేస్తా. మా ఏరియాలో సగం మందిమి ఎలక్ట్రిక్ బండ్ల మీదే తిరుగుతాం, ఒక్కటీ మాది కాదు. అద్దె బండ్లు, వారానికి 1,500. ఒక రోజు లీవు పెట్టినా అద్దె ఆగదు. సిటీలో అందరికంటే ఎక్కువ కిలోమీటర్లు ఎలక్ట్రిక్ మీద తిరిగేది మేమేనేమో. రాయితీ ఎవరికి పోయిందో నాకు తెలీదు, నా దాకా మాత్రం రాలేదు. ఆర్డర్ వచ్చింది, ఉంటా.


వేదిక_నిర్వాహకుడు | ఆదివారం సాయంత్రం 5:30

ఏ పార్టీ సబ్సిడీ, ఎవరి ప్రభుత్వం అనే దారిలోకి వెళ్లిన ఆరు పోస్టులు తీసేశాను. దానికి వేరే వేదికలు బోలెడు. ఇక్కడ బండ్ల గురించి మాట్లాడుకుందాం.


డల్లాస్_సుబ్బు | ఆదివారం రాత్రి 8:12

ఇక్కడి సంగతి చెప్పనా? మాకు ఫెడరల్ ప్రభుత్వం కొత్త ఎలక్ట్రిక్ కారుకి 7,500 డాలర్లు క్రెడిట్ ఇచ్చేది. 2023 నుంచి దానికి ఆదాయ పరిమితి పెట్టారు. ఒంటరివాడికి లక్షన్నర డాలర్లు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే మూడు లక్షలు. ధర మీద కూడా పరిమితి, మామూలు కారయితే 55 వేలు, ఎస్‌యూవీ అయితే 80 వేలు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి విడిగా 4 వేల దాకా ఉండేది. కిరణ్ అడుగుతున్న న్యాయం కాగితం మీద అచ్చం ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు కథ. ఇద్దరం సాఫ్ట్‌వేరే, ఆ ఏడు మా ఆదాయం గీత దాటింది. డీలర్ నవ్వి, "కొనకండి, లీజుకి తీసుకోండి" అన్నాడు. లీజు బండి కమర్షియల్ లెక్కలోకి వస్తుంది. దానికి ఆదాయ పరిమితి లేదు. ఆ 7,500 లీజు కంపెనీకి వెళ్లి, నెలవారీ కిస్తీలో నాకు తగ్గింది. చట్టప్రకారం అంతా కరెక్టే. మా వీధిలో ఉన్న మనవాళ్లలో సగం మంది ఇదే దారి. పొరుగున ఉండే స్కూల్ బస్ డ్రైవర్‌కి గీత లోపల ఆదాయం ఉంది కానీ కొత్త కారు కొనే ఆలోచనే లేదు.

2025 సెప్టెంబర్ 30తో ఆ క్రెడిట్లన్నీ ఆపేశారు. మా టెక్సస్‌లో ఉల్టా, ఎలక్ట్రిక్ కారుకి ఏటా 200 డాలర్లు అదనంగా కట్టాలి, పెట్రోల్ పన్ను కట్టడం లేదు కదా అని. కిరణ్, మీరడిగిన రోడ్డు అరుగుదల లెక్క ఇక్కడ నిజంగానే వసూలు చేస్తున్నారు.


బెజవాడ_బాబాయ్ | ఆదివారం రాత్రి 8:40

నాది హైబ్రిడ్. లీటరుకి ఇరవై పైన ఇస్తుంది. నేను కొన్నప్పుడు పన్ను మొత్తం 43 శాతం. పక్కవాడి ఎలక్ట్రిక్‌కి 5. నా ఏడుపు వినేవాడే లేడు ఈ చర్చలో.


గుంతల_రోడ్డు | ఆదివారం రాత్రి 8:43

బాబాయ్, నువ్వు లైన్‌లో పైఫ్లోర్ ఆయన వెనకాల నిలబడు.


ఉప్పల్_శైలజ | సోమవారం ఉదయం 7:35

బస్సులో నిలబడి రాస్తున్నా. పైన రాడ్డు ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో.

కార్లు, స్కూటర్లు, ఆటోలు అన్నీ వచ్చాయి, బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. పీఎం ఈ-డ్రైవ్ 10,900 కోట్లలో 4,391 కోట్లు ఎలక్ట్రిక్ బస్సులకే పెట్టారు. 14,028 బస్సులు. అందులో హైదరాబాద్‌కి 2,000 అని 2025లో చెప్పారు. 2019లో ఎయిర్‌పోర్ట్‌కి ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినప్పుడు మా ఏరియా వాళ్లం చూసి, ఏసీ, చప్పుడు లేదు, ఎంత బాగున్నాయో అనుకున్నాం. విమానం ఎక్కేవాళ్లకి ముందు వచ్చింది, మాకు ఆరేళ్ల తర్వాత వస్తోంది. అది కూడా ఒక న్యాయమే.

నాకు బండి నడపడం రాదు, కొనే ఆలోచన లేదు. ఈ బస్సులో తొంభై మంది ఉన్నాం. ఆ పది లక్షల ఎనభై వేలు ఈ బస్సు మీద ఖర్చు పెడితే తొంభై మందికి అందుతుంది. నా స్టాప్ వచ్చింది.


ఎల్బీనగర్_ఆటోవాలా | సోమవారం మధ్యాహ్నం 1:20

అక్కా, బస్సులు రావాలి, కాదనను. మా ఆవిడ కూడా ఫ్రీ బస్సులోనే పనికి పోతుంది. కానీ 2023 డిసెంబర్ నుంచి నా గిరాకీ ఎంత పడిపోయిందో ఇంట్లో ఉన్న ఆమెకే తెలుసు. ఒక చేత్తో వచ్చింది, ఇంకో చేత్తో పోయింది. ఇప్పుడు ఆటో మార్చు, అప్పు చెయ్ అంటే భయం ఎందుకేస్తుందో అర్థం చేసుకోండి.


వరంగల్_టైలరక్క | సోమవారం మధ్యాహ్నం 3:48

ఒక చిన్న సంగతి, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

మాకు గృహజ్యోతి ఉంది. 200 యూనిట్ల లోపు అయితే జీరో బిల్లు. కుట్టు మిషన్ మోటార్, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, టీవీ, అన్నీ కలిపి 165, 170 అవుతుంది. మా ఆయన షాపుకి వెళ్లడానికి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నాం. రోజుకి యూనిట్టున్నర లాగుతుంది. నెలకి నలభై అయిదు. మొదటి నెలే 213 వచ్చింది. పదమూడు యూనిట్లకి బిల్లు అనుకున్నాం. కాదు, గీత దాటితే మొత్తం 213కీ కట్టాలి.

ఇప్పుడు మా ఆయన బండిని షాపు దగ్గర, పక్క కిరాణా కొట్టు ఆయన్ని బతిమాలి ఛార్జింగ్ పెట్టుకుంటున్నాడు. నెలకి రెండు వందలు ఇస్తున్నాం. నెలాఖరు వచ్చిందంటే నాకు టెన్షన్, వరండాలోకి పోయి మీటర్ చూసుకోవడమే. ఒక పథకం తెచ్చుకుంటే ఇంకో పథకం పోతోంది. రెండూ పేదోళ్ల కోసమే అన్నారు.


నల్గొండ_నాగరాజు | సోమవారం సాయంత్రం 4:05

అక్కా, ఇది మా చెల్లెలికి కూడా వర్తిస్తుంది! ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా. ఆమెది 180 దగ్గర ఉంది.


లెక్కల_మాస్టారు | సోమవారం రాత్రి 9:15

రెండు రోజులుగా ఇదంతా చదివి నేనూ కొంత మారాను. మొదట కిరణ్‌ది అసూయ అనుకున్నాను, క్షమించాలి.

నేనైతే మాఫీకి ధర మీద గీత పెడతాను. పదిహేను లక్షల దాకా పూర్తి మాఫీ, ఆపైన ఉన్న ధరకు మామూలు పన్ను. ఇది కొత్త ఆలోచన కాదు, ఫేమ్-2లోనే స్కూటర్లకు ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటితే సబ్సిడీ లేదనే గీత ఉండేది. లక్షన్నర స్కూటర్‌కి గీత గీసినవాళ్లకి అరవై లక్షల కారుకి గీయడం రాదా?

గీతలు గీస్తే తప్పించుకునేవాళ్లు ఉంటారని సుబ్బు గారు చెప్పారు. ఇక్కడా జరిగింది. గీత లోపల ఉండడానికి కొన్ని కంపెనీలు ఛార్జర్‌ని బండి ధరలో కలపకుండా విడిగా అమ్మి, 2023లో కేంద్రం గట్టిగా అడిగాక కస్టమర్లకు వెనక్కి ఇచ్చాయి. అయినా గీత ఉండడమే నయం. గీత ఉంది కాబట్టే తప్పు పట్టుకోగలిగారు.

ఆటోవాలా అన్న విషయంలో మాత్రం నాకు సబ్సిడీ మీదే నమ్మకం పోయింది. ఆయనకి కావలసింది పది వేల తగ్గింపు కాదు. ఆయన అప్పుకి ప్రభుత్వం పూచీ ఉండి వడ్డీ సగమైతే, ఎంత మిగులుతుందో లెక్క వేశాను. ముప్పావలా వడ్డీకైతే నెలకి 9,500 బదులు ఎనిమిది వేల లోపు పడుతుంది. నాలుగేళ్లకి 70 వేల పైన.


సైలెంట్_డ్రైవ్ | సోమవారం రాత్రి 10:02

పదిహేను లక్షల గీత పెట్టి ఉంటే ఏం చేసేవాణ్ణి అని నిజాయితీగా ఆలోచించా. మొన్న "మాఫీ లేకపోతే కొనేవాణ్ణి కాదు" అన్నాను కదా. అది పూర్తి నిజం కాదు. కొనేవాణ్ణే. కొంచెం తక్కువ మోడల్ కొనేవాణ్ణి. మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది, "అదే రాయి" అంది, రాశాను.

అయితే ఒక మాట. రేపు హఠాత్తుగా తీసేస్తే కంపెనీలు, షోరూంలు దెబ్బ తింటాయి. 2023 జూన్‌లో స్కూటర్లకు పెద్దగా గడువివ్వకుండా కోసినట్టు చేయకూడదు. ముందే చెప్పి, మెట్లు మెట్లుగా దించాలి.


మియాపూర్_కిరణ్ | మంగళవారం రాత్రి 9:28

సైలెంట్ గారూ, ఆ మాట ఒప్పుకున్నందుకు మీకు దండం. ఆంటీ గారికి ఇంకో దండం.

నేను మొదలుపెట్టిన చర్చ కాబట్టి ఇవాళ జరిగింది చెప్తా. మా వాచ్‌మన్ యాదయ్య పాత ఎక్సెల్ మోపెడ్ ఎక్స్‌ఛేంజ్ చేసి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటా, తోడు రా సార్ అన్నాడు. వెళ్లాం. నాగరాజు గారి చెల్లెలికి అయినట్టే సెల్ఫీ మూడోసారికి పడింది. అయిదు వేలు తగ్గింది, రోడ్ ట్యాక్స్ లేదు, మొత్తం మీద లక్ష లోపు వచ్చింది. మనిషి మొహం చూడాలి.

తిరిగొచ్చాక ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న. సెల్లార్‌లో పంపు గది పక్కన ఒక ప్లగ్ ఉంది. అసోసియేషన్ సెక్రటరీ కుదరదు అన్నారు. కామన్ మీటర్ కరెంటు, ఒకరికిస్తే అందరూ అడుగుతారు, ఫైర్ సేఫ్టీ. అన్నీ నిజాలే కావచ్చు. అదే సెల్లార్‌లో పది అడుగుల దూరంలో పైఫ్లోర్ ఆయన కారుకి విడి లైను, విడి ఎంసీబీ (సేఫ్టీ స్విచ్), గోడకి పెట్టె. అసోసియేషన్ తీర్మానం చేసి మరీ ఇచ్చింది. లైను ఖర్చు ఆయనే పెట్టుకున్నారు, అదీ చెప్పాలి.

నేను ఈ మాట లిఫ్ట్‌లో పైఫ్లోర్ ఆయనతోనే అన్నాను. కోపం వస్తుందనుకున్నా. ఆయన కాసేపు ఆగి, "నా మీటర్ నుంచి ఒక ప్లగ్ తీసిస్తే అసోసియేషన్‌కి ఏంటి అభ్యంతరం?" అన్నారు.


ఎల్బీనగర్_ఆటోవాలా | మంగళవారం రాత్రి 9:41

యాదయ్యకి చెప్పు, ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ యూనిట్లు కాగితం మీద రాసుకోమని. రేపు మాట రాకూడదు.


వరంగల్_టైలరక్క | మంగళవారం రాత్రి 9:50

కాగితం కాదు, సబ్‌మీటర్ పెట్టమనండి. మా కిరాణా ఆయనకి మేం అదే పెట్టించాం, ఆరు వందల్లో అయిపోయింది.


మియాపూర్_కిరణ్ | మంగళవారం రాత్రి 10:06

ఆదివారం పదింటికి అసోసియేషన్ మీటింగ్. ఎజెండాలో మూడోది పెట్టించా: "సెల్లార్‌లో వాచ్‌మన్ స్కూటర్ ఛార్జింగ్ పాయింట్, సబ్‌మీటర్‌తో". ఒకటి లిఫ్ట్ రిపేరు, రెండు నీళ్ల ట్యాంకర్ బిల్లు. ఆ రెండింటి మీదే జనం అరుచుకుని లేచిపోకుండా ఉంటే మూడోది వస్తుంది. అప్పటిదాకా యాదయ్య బ్యాటరీ ఊడదీసుకుని, పదకొండు కిలోలు, తన గదిలోకి మోసుకెళ్లి పెట్టుకుంటున్నాడు.